నాలుగో ముల్లు ఏ ఊరిది? రెండు టైముల వాచీలో గంట, తేదీ, మన అరగంట

చేతివాచీని విప్పి తలకిందులుగా పట్టుకుంటే లండన్ టైము కనిపిస్తుందని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. చలికాలంలో అది నిజమే. హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిది అయింది అనుకుందాం. చిన్న ముల్లు 8 మీద, పెద్ద ముల్లు 12 మీద ఉంటాయి. వాచీని తిరగేస్తే చిన్న ముల్లు 2 ఉండాల్సిన చోటికి, పెద్ద ముల్లు 6 ఉండాల్సిన చోటికి వస్తాయి. అంటే రెండున్నర. లండన్‌లో అప్పుడు తెల్లవారుజాము రెండున్నరే. మనకూ వాళ్ళకూ తేడా ఐదున్నర గంటలు కాబట్టి ఇలా కుదిరింది. మార్చి చివరి ఆదివారం వాళ్ళు గడియారాలను గంట ముందుకు జరపగానే తేడా నాలుగున్నరకు తగ్గుతుంది. ఇక అక్టోబరు చివరి ఆదివారం దాకా ఈ చిట్కా పని చేయదు.

రెండు దేశాల టైము ఒకేసారి చూపే వాచీ కొన్నవాళ్ళను తికమక పెట్టేవి కూడా ఇవే: గంటల తేడా, ఆ తేడాకు తోకలా ఉండే అరగంట, ఏడాదికి రెండుసార్లు వచ్చే మార్పు. దీనికి తేదీ కూడా తోడవుతుంది. బ్యాటరీ లేని, స్ప్రింగుతో నడిచే ఇలాంటి వాచీలు ఒకప్పుడు ఎక్కువగా ఖరీదైన స్విస్ కంపెనీల దగ్గరే దొరికేవి. 2022లో జపాన్ కంపెనీ సీకో తన 5 స్పోర్ట్స్ వరసలో 4ఆర్34 యంత్రంతో ఒకటి తెచ్చింది. అదే ఏడాది, ఇతర కంపెనీలకు వాచీ యంత్రాలు అమ్మే మియోటా నుంచి 9075 యంత్రం వచ్చి, చిన్న కంపెనీలకు కూడా దారి తెరిచింది. అప్పటినుంచి మామూలు ఉద్యోగస్తుల చేతుల్లోనూ ఇవి కనిపిస్తున్నాయి. సందేహాలు కూడా అలాగే పెరిగాయి.

నాలుగో ముల్లు చేసే పని

మామూలు వాచీలో గంటల ముల్లు రోజుకు రెండు చుట్లు తిరుగుతుంది. గంటకు 30 డిగ్రీలు. రెండు టైముల వాచీలో, గంటలు, నిమిషాలు, సెకన్ల ముళ్ళకు తోడు నాలుగో ముల్లు ఒకటి ఉంటుంది. చివర బాణం గుర్తో, ఎరుపో నారింజో రంగో వేసి ఉంటుంది. ఇది రోజుకు ఒక్క చుట్టే తిరుగుతుంది, గంటకు 15 డిగ్రీలు. అందుకే దాన్ని చదవడానికి డయల్ అంచు మీదో, అద్దం చుట్టూ ఉండే బెజెల్ అనే రింగు మీదో 1 నుంచి 24 దాకా అంకెలు వేస్తారు. 24 గంటల లెక్క కాబట్టి అవతలి ఊళ్ళో పగలో రాత్రో చూడగానే తెలిసిపోతుంది. అమెరికాలో ఉన్న కూతురికి ఫోన్ చేయబోయే తల్లికి ముందు తెలియాల్సింది అదే కదా, అక్కడ మూడంటే మధ్యాహ్నం మూడా, తెల్లవారుజాము మూడా అని.

ఈ వాచీలను జీఎంటీ వాచీలంటారు. జీఎంటీ అంటే గ్రీనిచ్ కాలమానం. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం గ్రీనిచ్ మీదుగా పోయే రేఖను సున్నాగా ఒప్పుకుంది. విమానాలు ఖండాలు దాటడం మొదలయ్యాక, ఏ దేశం మీద ఎగురుతున్నా పైలట్లకు గ్రీనిచ్ టైము ఒకటి, దిగబోయే ఊరి టైము ఒకటి కావాల్సి వచ్చింది. 1953లో గ్లైసీన్ కంపెనీ ఎయిర్‌మ్యాన్ తెచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే ప్యాన్ యామ్ విమాన సంస్థ పైలట్ల కోసం రోలెక్స్ జీఎంటీ-మాస్టర్ చేసింది. ఆ తొలి రోలెక్స్‌లో నాలుగో ముల్లు విడిగా కదిలేది కాదు, గంటల ముల్లుకు కట్టేసినట్టే తిరిగేది. రెండో టైము కావాలంటే బెజెల్ తిప్పుకోవాలి. రెండు ముళ్ళూ వేటికవి జరిపే వీలు 1980లలో వచ్చిన జీఎంటీ-మాస్టర్ 2తో మొదలైంది. ఇప్పటి తికమక అంతా ఈ విడదీయడం దగ్గరే ఉంది, ఎందుకంటే ఏ ముల్లును విడదీయాలన్న దాని మీద రెండు పద్ధతులు పుట్టాయి.

కీ మధ్య మెట్టులో ఏం కదులుతుంది?

వాచీ పక్కనుండే గుండీని షాపుల్లో క్రౌన్ అంటారు, ఇళ్ళల్లో కీ అంటాం. లోపలికి నొక్కి ఉన్నప్పుడు తిప్పితే స్ప్రింగు బిగుసుకుంటుంది. చివరిదాకా లాగితే అన్ని ముళ్ళూ కలిసి కదులుతాయి, చాలా వాచీల్లో సెకన్ల ముల్లు ఆగిపోతుంది. ఇంతవరకు రెండు పద్ధతులూ ఒకటే. తేడా మధ్యలో ఉన్న మెట్టులో ఉంది.

ఒక పద్ధతిలో, మధ్య మెట్టులో తిప్పితే గంటల ముల్లు ఒక్కటే టక్కుటక్కుమని గంట చొప్పున దూకుతుంది. నిమిషాలు, సెకన్లు ఆగవు, నాలుగో ముల్లు కదలదు. లోపల గంటల చక్రం దగ్గర పన్నెండు కొనల నక్షత్రం లాంటి భాగం, దాని పళ్ళ మధ్య పడే చిన్న స్ప్రింగు ఉంటాయి. అందుకే ముల్లు గంటకూ గంటకూ మధ్య ఎక్కడా నిలవదు. దీనిని ఫ్లయర్ అంటారు, అంటే ప్రయాణికుడి పద్ధతి. రోలెక్స్ జీఎంటీ-మాస్టర్ 2, ట్యూడర్ బ్లాక్ బే జీఎంటీ, మియోటా 9075 ఈ కోవలోవి.

రెండో పద్ధతిలో, మధ్య మెట్టులో ఒకవైపు తిప్పితే తేదీ మారుతుంది, ఇంకోవైపు తిప్పితే నాలుగో ముల్లు గంట చొప్పున దూకుతుంది. అసలు గంటల ముల్లు కదలదు. ఈటీఏ 2893, సీకో 4ఆర్34 యంత్రాలు ఇలాంటివి. వీటిని కాలర్ అంటారు, అంటే ఇంట్లో కూర్చుని దూరాన ఉన్నవాళ్ళకు ఫోన్ చేసేవారి పద్ధతి. ఏ వైపు తిప్పితే ఏది కదులుతుందో మోడల్‌ను బట్టి మారుతుంది.

"ట్రూ జీఎంటీ" అన్న పేరు మీద తగాదా

వాచీలు సేకరించేవాళ్ళు ఫ్లయర్‌ను "ట్రూ జీఎంటీ" అంటారు. అంటే రెండోది అసలైనది కాదని చెప్పకుండానే చెప్పినట్టు. వాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. విమానం దిగగానే కీ ఒక మెట్టు లాగి గంటల ముల్లును దూకిస్తే చాలు, కొత్త ఊరి టైము వచ్చేస్తుంది. సెకను కూడా పోదు, ఇంటి టైము చెదరదు. కాలర్ వాచీతో అదే పని చేయాలంటే వాచీని ఆపి, అన్ని ముళ్ళూ తిప్పి, చెదిరిన నాలుగో ముల్లును మళ్ళీ సర్దాలి. పైలట్ల కోసం పుట్టిన వాచీ కదా, కాబట్టి ప్రయాణానికి పనికొచ్చేదే అసలైనదని వాళ్ళ మాట.

అయితే గుంటూరులో ఉండే తల్లిదండ్రుల సంగతి చూడండి. కూతురు డల్లాస్‌లో ఉంది. వీళ్ళ టైము ఏడాది పొడవునా మారదు. డల్లాస్ టైము మాత్రం మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతుంది. వీళ్ళకు విడిగా జరపాల్సిన ముల్లు నాలుగోదే. కాలర్ వాచీలో అది ఒక్క క్లిక్కు పని. ఫ్లయర్‌లో అయితే వాచీని ఆపి, అన్ని ముళ్ళనూ గంట జరిపి, ఆ తర్వాత గంటల ముల్లును మళ్ళీ పాత చోటికి తేవాలి. "అసలైనది" అన్న వాచీయే వీళ్ళకు రెట్టింపు పని పెడుతుంది. డల్లాస్‌లో ఉన్న కూతురికి ఇది తిరగబడుతుంది. నాలుగో ముల్లును గుంటూరుకు పెట్టుకుంటే, మారేది తను ఉన్న ఊరి టైమే. ఫ్లయర్‌లో గంటల ముల్లు ఒక దూకు దూకితే పని అయిపోతుంది.

నా ఉద్దేశంలో ఇందులో ఒకటి అసలు, ఒకటి నకలు అనడం సరికాదు. మీరు కదులుతుంటే ఫ్లయర్, మీవాళ్ళ టైము కదులుతుంటే కాలర్. కొనేముందు అడగాల్సిన ప్రశ్న వాచీ గురించి కాదు, ఇంట్లో తిరిగేది ఎవరన్నదాని గురించి.

నిమిషాల ముల్లు ఒక్కటే, మనకేమో అరగంట తేడా

ఇది మనవాళ్ళకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. వాచీతో వచ్చే కాగితంలో దీని గురించి సాధారణంగా ఉండదు, వాచీ పాడైందేమోనని టెన్షన్ పడేదీ ఇక్కడే.

భారతదేశం సుమారు 68 డిగ్రీల నుంచి 97 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా పరుచుకుని ఉంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 75 డిగ్రీల రేఖను పట్టుకుంటే గ్రీనిచ్ కంటే ఐదు గంటలు ముందుంటాం, కానీ ఆ రేఖ పడమరకు ఒరిగిపోయి ఉంటుంది. 90ని పట్టుకుంటే ఆరు గంటలు, అది తూర్పుకు ఒరుగుతుంది. మధ్యలో పడేది 82.5. దాన్ని 15తో భాగిస్తే ఐదున్నర. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూర్ మీదుగా, మన వైపు కాకినాడకు దగ్గరగా పోతుంది. 1906 జనవరి 1న ఇది దేశమంతటి టైముగా అమల్లోకి వచ్చింది. అంతకుముందు రైళ్ళు నడిచింది మద్రాసు టైము మీద, అది గ్రీనిచ్ కంటే ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషాలు ముందు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ టైములను వదల్లేదు.

అమెరికా, గల్ఫ్, సింగపూర్, ఐరోపా దేశాలు పూర్తి గంటల లెక్కలో ఉంటాయి. కాబట్టి మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఏ దేశంతో చూసినా తేడాలో అరగంట మిగులుతుంది. కువైట్‌తో రెండున్నర, దుబాయ్‌తో ఒకటిన్నర, సింగపూర్‌తో రెండున్నర, వేసవిలో న్యూయార్క్‌తో తొమ్మిదిన్నర. వాచీలో ఉన్నదేమో ఒక్క నిమిషాల ముల్లే. గంటల ముల్లూ నాలుగో ముల్లూ రెండూ దానికే కట్టుబడి ఉంటాయి. పెద్ద ముల్లు 12 మీదికి వచ్చినప్పుడు ఆ రెండూ ఏదో ఒక అంకె మీద సరిగ్గా నిలబడతాయి. నాలుగో ముల్లు గంట చొప్పునే దూకుతుంది కాబట్టి అరగంట జరపడం కుదరదు. గ్రీనిచ్ పేరు పెట్టుకున్న వాచీ భారత టైముకు పెట్టుకున్నాక గ్రీనిచ్ టైమునే సరిగ్గా చూపలేదన్నమాట. అది వాచీలో లోపం కాదు, ఆ ఏర్పాటులోనే అరగంటకు చోటు లేదు.

దీనికి మనుషులు వెతుక్కున్న దారులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది నాలుగో ముల్లును అరగంట తక్కువకు పెట్టుకుని, చూసినప్పుడల్లా అరగంట కలుపుకోవడం. వేసవిలో హైదరాబాద్‌కూ డల్లాస్‌కూ తేడా పదిన్నర గంటలు. ఇక్కడ ఉదయం 8:00 అయితే అక్కడ ముందురోజు రాత్రి 21:30. నాలుగో ముల్లును 21 మీద ఉంచితే, అరగంట కలిపి 21:30 అని చదువుకుంటారు. ఇక్కడ 8:30 అయ్యేసరికి ముల్లు 21కీ 22కీ సరిగ్గా మధ్యకు వస్తుంది. దానికి అరగంట కలిపితే 22:00. ఎప్పుడు చూసినా లెక్క తప్పదు.

రెండో దారి బెజెల్. తిరిగే బెజెల్ ఉంటే దాన్ని ఎడమవైపుకు, అంటే ముళ్ళు తిరిగే దిశకు ఎదురుగా, అర అంకె జరిపితే ఆ కలపడం బెజెలే చేస్తుంది. ఇక నిమిషాల ముల్లును పట్టించుకోకుండా, నాలుగో ముల్లు బెజెల్ మీద ఎక్కడుందో అదే టైముగా చదవాలి. కానీ ఇది అన్ని బెజెల్‌లతో కుదరదు. రోలెక్స్ జీఎంటీ-మాస్టర్ 2 బెజెల్ చుట్టుకు 24 క్లిక్కులు, గంటకు ఒకటి, అరగంట దగ్గర ఆగదు. ట్యూడర్ బ్లాక్ బే జీఎంటీకి 48 క్లిక్కులు, అరగంటకు ఒకటి. మనకు ఈ చిన్న తేడా చాలా పెద్దది. క్లిక్కులు లేకుండా మెత్తగా తిరిగే బెజెల్ అయినా సరిపోతుంది.

అరగంట, ముప్పావుగంట తేడాలున్న దేశాలను కూడా సరిగ్గా చూపే యంత్రాలు లేకపోలేదు. వాషరాన్ కాన్‌స్టాంటిన్ 37 కాలమండలాలు చూపే వాచీలు చేసింది. వాటి ధర మనలాంటివాళ్ళకు అందేది కాదు.

ఫ్లయర్ వాచీ ఉన్న ప్రయాణికుడికీ ఈ అరగంట అడ్డొస్తుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌లో దిగేసరికి ఇంటి టైము మధ్యాహ్నం 3:00, అక్కడ 1:30. గంటల ముల్లును రెండు దూకులు వెనక్కి వేస్తే 1:00, ఒకటి వేస్తే 2:00. ఏదీ సరికాదు. వాచీని ఆపి నిమిషాలను అరగంట వెనక్కి తిప్పాల్సిందే. అప్పుడు 2:30 అవుతుంది, నాలుగో ముల్లు కూడా 15 నుంచి 14:30కి జరుగుతుంది. తర్వాత గంటల ముల్లు ఒక్క దూకు వెనక్కి వస్తే 1:30. ఇంటి టైము మళ్ళీ అరగంట కలిపి చదవాల్సిందే. సెకను కూడా పోదన్న ఫ్లయర్ గొప్ప, మన దేశం దాటేటప్పుడు సగం పోయినట్టే. లండన్ నుంచి ప్యారిస్ వెళ్ళేవాడికి ఈ బాధ లేదు.

తేదీ ఎవరిది, దాన్ని ఎప్పుడు ముట్టుకోకూడదు?

వాచీలో తేదీ కిటికీ ఒక్కటే ఉంటుంది. సాధారణంగా అది గంటల ముల్లు వెంటే నడుస్తుంది, నాలుగో ముల్లుతో దానికి సంబంధం ఉండదు. అంటే కనిపించే తేదీ ఎప్పుడూ మీరున్న ఊరిదే. అవతలి ఊరి తేదీని అంకెలను బట్టి తెలుసుకోవాలి. అమెరికా మనకంటే వెనక ఉంటుంది. కాబట్టి 24 గంటల లెక్కలో వాళ్ళ టైము మన టైము కంటే పెద్ద అంకె చూపుతుంటే, వాళ్ళింకా నిన్నటిలోనే ఉన్నారు. చిన్న అంకె అయితే ఇద్దరిదీ ఒకే తేదీ.

తేదీ పళ్ళెం అర్ధరాత్రి ఒక్కసారిగా మారినట్టు కనిపిస్తుంది గానీ, చాలా యంత్రాల్లో రాత్రి తొమ్మిది ప్రాంతం నుంచే ఒక చిన్న కొక్కెం దాని పళ్ళను నెట్టడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల దాకా పూర్తిగా వదలదు. ఆ సమయంలో మధ్య మెట్టులో తేదీని తోస్తే ఒకే పళ్ళెం మీద రెండు వైపుల నుంచి బలం పడి పన్ను విరగొచ్చు, కొక్కెం వంగొచ్చు. ఇక్కడ రాత్రి అంటే బయటి రాత్రి కాదు, వాచీ అనుకుంటున్న రాత్రి. మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల ముందు కూర్చుని తేదీ తిప్పుతున్నా, ఆగిపోయిన వాచీ లోపల అర్ధరాత్రి అయి ఉండొచ్చు.

ఒక ఉదాహరణ. విజయవాడ, జూలై 3, ఉదయం 10:15. కాలర్ వాచీ చాలా రోజులుగా ఆగిపోయి ఉంది. ముళ్ళు 11:40 దగ్గర, తేదీ 27. అది పగటి 11:40యా, రాత్రి 11:40యా తెలియదు కాబట్టి తేదీ జోలికి వెళ్ళడం ప్రమాదం. ముందు పాతిక ముప్పై చుట్లు కీ ఇచ్చి, చివరి మెట్టుకు లాగి ముళ్ళను ముందుకు తిప్పుతారు. 12 దాటినా తేదీ 27గానే ఉంటే అది మధ్యాహ్నం. ఇంకో చుట్టు తిప్పితే 12 దగ్గర 28 అవుతుంది. తేదీ మారిన చోటే వాచీకి అర్ధరాత్రి. అలాగే ఉదయం ఆరు దాకా తీసుకెళ్తే కొక్కెం పళ్ళను వదిలేస్తుంది. ఇప్పుడు మధ్య మెట్టులో తేదీని ఆరుసార్లు జరిపితే 29, 30, 31, 1, 2, 3. మళ్ళీ చివరి మెట్టుకు లాగి 10:15 పెడతారు. నాలుగో ముల్లును చివరికి వదిలిపెట్టడానికి కారణం ఉంది, ఇంతసేపూ అన్ని ముళ్ళతో పాటు అదీ తిరుగుతూనే ఉంది కాబట్టి ముందే సర్దితే వృథా. డల్లాస్‌లో అప్పుడు 23:45. అరగంట తక్కువకు, అంటే 23 దాటి పావు దగ్గరకు ముల్లును దూకిస్తారు. 23 మన 10 కంటే పెద్దది, కాబట్టి అక్కడ ఇంకా జూలై 2.

ఫ్లయర్ వాచీలు చాలావాటిలో తేదీకి విడిగా మెట్టు ఉండదు. గంటల ముల్లును దూకిస్తూ అర్ధరాత్రి దాటిస్తే తేదీ మారుతుంది. రోలెక్స్ లాంటి వాటిలో వెనక్కి దాటిస్తే తేదీ వెనక్కి కూడా వస్తుంది. ఇది ప్రయాణంలో హాయి. డల్లాస్‌లో జూలై 3 రాత్రి 8:00కి విమానంలో కూర్చున్న మనిషి నిమిషాలను అరగంట ముందుకు జరిపి, గంటల ముల్లును పది దూకులు వేయిస్తే దారిలో తేదీ 4కు మారి, హైదరాబాద్ టైము ఉదయం 6:30 వచ్చేస్తుంది. కానీ 31 రోజులు లేని నెలల చివర, అంటే ఏడాదికి ఐదుసార్లు, ఇదే పద్ధతి చేతికి పని పెడుతుంది. ఫిబ్రవరి 28 దాటి 29 చూపుతున్న వాచీని 1వ తేదీకి తేవాలంటే మూడు రోజులు, అంటే 72 దూకులు. కాలర్‌లో అది మూడు క్లిక్కులు.

గుంటూరులో ఒక ఆదివారం మధ్యాహ్నం

నవంబరు మొదటి ఆదివారం డల్లాస్‌లో తెల్లవారుజామున రెండు కొట్టగానే గడియారాలు ఒంటిగంటకు వెనక్కి జరుగుతాయి. గుంటూరులో అప్పుడు మధ్యాహ్నం 12:30. తేదీ కొక్కెం ఖాళీగా ఉండే సమయమే అది. నాలుగో ముల్లు ఒంటిగంటకూ రెండుకూ మధ్య ఉంటుంది, అరగంట కలిపితే రెండు. కాలర్ వాచీ కీని మధ్య మెట్టుకు లాగి, తేదీ కదలని వైపుకు తిప్పుతారు. ముల్లు ఆ వైపుకు ఒక గంట వెనక్కి దూకే రకమైతే ఒక్క క్లిక్కు, ముందుకే దూకే రకమైతే ఇరవై మూడు. ముల్లు 24 దాటి సగంలో ఆగుతుంది. అరగంట కలిపితే ఒంటిగంట. పదిన్నర ఉన్న తేడా ఇప్పుడు పదకొండున్నర. రేపటినుంచి కూతురు ఆఫీసుకు బయల్దేరే ముందు మాట్లాడాలంటే వీళ్ళు గంట ఆలస్యంగా ఫోన్ చేయాలి, మార్చి రెండో ఆదివారం దాకా.